నీలం కర్టెన్లు

"మనింట్ల నీలం కర్టెన్లెక్కడున్నయి?" అని అడిగింది యమున.

భాస్కర్ ఇడ్లీ తుంచబోతూ ఆగాడు. "ఏ కర్టెన్లు?"

"మీరు రాసినయే."

ట్యాబ్ కూతురు సింధు చేతిలో ఉంది. రెండు నెలల కింద ఇంటికొచ్చిన హోం థియేటర్ రిసీవర్ గురించి కొన్నవాళ్లు ఏమన్నారో చూస్తుంటే, అందులో తండ్రి పేరు కనబడింది. భాస్కర్, హనుమకొండ. మూడు వందల మందికి పైగా 'ఉపయోగపడింది' అని నొక్కారు. సింధు పకపకా నవ్వుతూ మళ్లీ చదివింది.

"'ఏడాదిగా వాడుతున్నాను. మందపాటి నీలం కర్టెన్లు వేశాక గదిలో సౌండు మోగడం తగ్గింది. తక్కువ వాల్యూమ్‌లో కూడా మాటలు స్పష్టంగా వినిపిస్తాయి, చంటిపాప నిద్ర చెడదు. మా ఆవిడకు చాలా నచ్చింది. ఐదు స్టార్లు.' డాడీ, చంటిపాప ఎవరు? నేనా? నాకు పందొమ్మిదేండ్లు!"

యమునకూ నవ్వొచ్చింది. వాళ్ల హాలు కిటికీలకున్నవి గోధుమరంగు కర్టెన్లు. పల్చటివి. దగ్గరుండి ఆమే కుట్టించింది. ఇక నచ్చడమంటారా, ఆ డబ్బా మీద దుమ్ము తుడవడం తప్ప దానితో ఆమెకు వేరే సంబంధం లేదు.

"అబద్ధం రాసిన. అయితే ఏంది?" అన్నాడు భాస్కర్. "రెండు నెలలు వాడిన అంటే ఎవడు నమ్ముతడు? అందరు జర పెంచే రాస్తరు."

"పెంచితే సౌండు పెంచాలె గని, సంసారాన్ని గూడనా?"

"పొద్దుపొద్దున కర్టెన్ల పంచాయితీ ఏందే!" అంటూ సగం ఇడ్లీ వదిలేసి లేచి తన దుకాణానికి వెళ్లిపోయాడు.

సింధు ఇంకా నవ్వుతూనే ఉంది. యమునకు మాత్రం ఒకటి వింతగా తోచింది. స్కూటర్ తీసుకెళ్లి గోడకు గుద్దినా తప్పు గోడదే అనే మనిషి. ఇరవై రెండేళ్ల కాపురంలో 'అబద్ధం ఆడిన' అని ఒప్పుకోవడం ఇదే మొదటిసారి.

అసలు పంచాయితీ కర్టెన్లది కాదు. తొర్రూరు దగ్గర యమున పేరు మీద రెండెకరాల చేను ఉంది. వాళ్లమ్మ నడుము వంగేదాకా ఆ చేన్లో పత్తి ఏరింది. "నీకంటూ ఒకటి ఉండాలె బిడ్డా" అని రాసిచ్చింది. ఇప్పుడు దాన్ని అమ్మేద్దామంటాడు భాస్కర్. కాజీపేట దిక్కు ఒక ఇల్లు చూశాడట. అందులో థియేటర్‌కు వేరే గది ఉంటుందట. "హాల్ల సౌండంత చెదిరిపోతాంది" అని రోజూ అదే పాట. ఇల్లు ఇంకా యమునకు చూపించలేదు. "సంతకమైనంక చూద్దువు తియ్యి" అన్నాడు.

సోమవారం చేను రిజిస్ట్రేషన్. కావాల్సింది ఒక్కరి సంతకమే. యమునది.

శనివారం ఒక స్పీకర్ మూగబోయింది. బాగుచేయడానికి రిసీవర్ కొన్న దుకాణం నుంచి కాశిఫ్ వచ్చాడు. యమున చాయ్ ఇచ్చి, ఎదురుగా కూచుంది.

"తమ్మీ, నిజం చెప్పు. దీనికి వేరే రూం కావాల్నా?"

"ఏం అవసరం లేదక్కా. మీ హాలు మస్తుంది."

"కొన్నోళ్లు ఇంకా ఎవరన్న ఉన్నరా? అడుగుదామని."

"మా దుకాణంల ఈ మోడల్ రెండే పోయినయి. ఒకటి మీది. ఇంకోటి పోయినేడు మట్టెవాడకు పోయిందట. నేను చేరకముందు."

కుక్కర్ కొనాలన్నా, వాడిన మనిషిని అడగనిదే కొనదు యమున. తెర మీద ముక్కూమొహం తెలియని వాళ్లు రాసినదాని మీద ఆమెకు నమ్మకం తక్కువ. అలాంటిది అమ్మ చేను అమ్మే ముందు ఒక్క మాట అడగొద్దా? కాశిఫ్ దుకాణానికి ఫోన్ చేసి, అడ్రస్ కనుక్కుని చీటీ మీద రాసిచ్చాడు. ఆమె చీర మార్చుకుని ఆటో ఎక్కింది.

గంటన్నరకు తిరిగొచ్చింది. రెండు గ్లాసుల మంచినీళ్లు తాగింది. ఆరిన బట్టలు తెచ్చి మడతలు పెట్టసాగింది.

"మమ్మీ, ఏమన్నరు ఆ ఇంటోళ్లు?" అడిగింది సింధు.

"మస్తు మంచిగున్నదన్నది ఆ ఇంటామె."

"అయితే కొత్తిల్లు పక్కానా?"

యమున మడతపెట్టిన భాస్కర్ చొక్కానే విప్పి, మళ్లీ మడత పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం బగారా అన్నం, కోడికూర చేసింది. భాస్కర్ హుషారుగా ఉన్నాడు. కాగితాల కవరు తెచ్చి యమున కంచం పక్కనే పెట్టాడు. దాని మీద పెన్ను కూడా పెట్టాడు.

"రేపు పదింటికల్ల తయారుగుండు. ఇయ్యాల ఈ రెండు కాగితాల మీద పెట్టు. మీ అమ్మ ఉంటే సంబురపడేది."

"అమ్మను ఎందుకు తీస్తరు మధ్యల" అంది యమున.

"సరే, తియ్య. తిన్నంక పెట్టు మరి. చేతికి మసాలా అంటుతది." తన మాటకు తనే నవ్వాడు.

యమున అతని కంచంలో ఇంకో ముక్క వేసింది. సింధుకు పెరుగు వడ్డించింది. చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, కవరునూ పెన్నునూ అతని కంచం వైపు జరిపింది.

"సంతకం పెట్టను," అంది, "మట్టెవాడ ఇంటికి పోయొచ్చిన, కిటికీలకు నీలం కర్టెన్లు, ఊయల్ల పాప, గోడకు ఆ ఇంటామెతోని మీ పెండ్లి ఫొటో, మీరు రాసిన రివ్యూల ఒక్క అబద్ధం గూడ లేదు."