డిపో మూసెయ్యండి!

వెండెల్ ప్రిడీ సవరణ అనగానే రక్షణ కమిటీలో నవ్వులు మొదలవుతాయి.

అరిజోనా నుంచి అమెరికా కాంగ్రెస్‌కు గెలిచి వాషింగ్టన్ వచ్చిన ఈ పెద్దమనిషి ఏటా రక్షణ బిల్లుకు సవరణలు తెస్తాడు. ఏటా ఓడిపోతాడు. సభ్యులు సైన్యం విమానాలెక్కి గోల్ఫ్ ఆడటానికి పోతున్నారని ఒకసారి టీవీలో చెప్పేశాడు. ఆ రోజు నుంచి అతని విషయంలో రెండు పార్టీలూ ఏకమైపోయాయి. ఇంకే విషయంలోనూ కాలేదు. తెల్లారిందని వెండెల్ సవరణ తెచ్చినా, ఇంకా చీకటే అని ఓటేస్తారు.

ఈసారి తెచ్చింది ఒక్కటే సవరణ. ఒహాయోలో మార్లో క్రీక్ అనే ఊళ్ళో సైన్యానికి పారాచూట్లు కుట్టే డిపో ఉంది. దాన్ని మూసెయ్యాలట.

అతని సహాయకురాలు మారిబెత్ తల పట్టుకుంది. నవంబరులో ఎన్నికలు. "ఒక్క సవరణా నెగ్గని మొనగాడు" అని ప్రత్యర్థి నియోజకవర్గమంతా బోర్డులు పెట్టించాడు. ఈ ఒక్కటీ నెగ్గితే సీటు దక్కుతుంది. లేకపోతే మూటాముల్లె సర్దుకోవడమే.

"సార్, ఆ డిపో మూసెయ్యాలని ఛైర్మన్ రగిల్స్ గారికే ఉందట. ఆయన పేరు మీదే రానివ్వండి. వెనకాల మీరో సంతకం పెడితే చాలు, గెలుపు మీకూ వస్తుంది. మీరు ముందుకెళ్ళారో, కొరివితో తల గోక్కున్నట్టే!"

"నా పేరు మీదే రావాలి," అన్నాడు వెండెల్ టై బిగించుకుంటూ.

కమిటీలో బల్ల గుద్ది మరీ మాట్లాడాడు. "ఆ డిపోలో ఉన్నదంతా ముసలమ్మలే! సగం మందికి సూదిలో దారం ఎక్కించడం కూడా చేతకాదు! వాళ్ళ కుట్లని నమ్మి మన కుర్రాళ్ళు ఆకాశంలోంచి దూకాలా?" కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ముక్కు కూడా చీదాడు.

రగిల్స్ మొహం కందగడ్డయింది. నిన్నటిదాకా డిపో మూతకు కాగితాలు సిద్ధం చేసుకున్న మనిషి, మైకు దగ్గరకు లాక్కున్నాడు. "ఆ తల్లుల చేతికుట్టేనయ్యా మన సైనికుల ప్రాణాలు నిలబెడుతున్నది!" అని గర్జించాడు. చప్పట్లు మోగాయి.

సవరణకు "కాదు" అని గదంతా అరిచింది. అక్కడితో పోయేదే.

"ఆగండి! పేరుపేరునా పిలిచి ఓటు తీసుకోండి," అన్నాడు వెండెల్. "ఆ డిపోని వెనకేసుకొస్తున్నది ఎవరెవరో దేశం చూడాలి!"

"కూర్చోండి సార్. ఉన్న పరువు కూడా పోతోంది," అంటూ మారిబెత్ కోటు పట్టి లాగింది.

పేర్లు పిలిచారు. ఒక్కొక్కరూ ఛాతీ విరుచుకుని "కాదు" అన్నారు. ఒకాయన ఆనందం పట్టలేక రెండుసార్లు అన్నాడు. "ఔను" అన్నది వెండెల్ ఒక్కడే.

బయటికొస్తుంటే రగిల్స్ వీపు తట్టాడు. "ఇక ఆ డిపో మీద ఈగ వాలినా నేనూరుకోను, వెండెల్. నువ్వు అరిజోనా పోయి ముళ్ళమొక్కలకు నీళ్ళు పోసుకో."

విలేకరులు పగలబడి నవ్వారు. మారిబెత్‌కి ఏడుపు ఆగలేదు.

"ఎంత చెప్పినా విన్నారు కాదు. అంతా అయిపోయింది సార్."

వెండెల్ ఆమెకు రుమాలిచ్చి, తన గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు. ఫోన్ మోగింది.

"మేం ముసలమ్మలమట్రా, వెధవా," అంది మార్లో క్రీక్‌లో కుట్టుమిషను ముందు కూర్చున్న అతని అక్క లోయిస్, "నీ సీటు పోగొట్టుకుని మా డిపో నిలబెట్టావు గనక బతికిపోయావు, ఆదివారం భోజనానికి రా!"