రెండు నిమిషాల మైలు

నౌకాదళం ఇన్‌స్పెక్టర్ బెయిర్డ్ సుత్తితో ఫిరంగి మీద కొట్టాడు. ఠంగుమంది. రెండోదాని మీద కొట్టాడు. అదీ ఠంగుమంది. అయినా నమ్మకం కుదరక చాకు తీసి దాని నల్లరంగు గీకి చూశాడు. లోపల ఉక్కే.

"నిజం ఫిరంగులే సార్. కావాలంటే పేల్చి చూపిస్తాం," అన్నాడు ఓడను కట్టిన కంపెనీ మేనేజరు మెక్‌ఫీ.

డెక్కు మీదున్న పనివాళ్ళు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. వాళ్ళెందుకు నవ్వుతున్నారో బెయిర్డ్‌కి తెలుసు. 1905లో, దక్షిణాన ఇంకోచోట ఇలాంటి వేగపరీక్షే జరిగింది. అక్కడివాళ్ళు బరువు తగ్గించడానికి ఫిరంగుల స్థానంలో రంగేసిన చెక్కదుంగలు బిగించారు. బెయిర్డ్ చూసి, మెచ్చుకుని, సంతకం పెట్టేశాడు. అసలు ఫిరంగులు ఎక్కించాక ఆ ఓడ ఎద్దుబండిలా నడిచింది. ఈ మూడేళ్ళుగా లండన్ ఆఫీసులో ఆయన పేరు 'చెక్క ఫిరంగుల బెయిర్డ్'. ఇంకొక్కసారి మోసపోతే ఇంటికి పంపిస్తామని పైఅధికారి కాగితం మీద రాసి మరీ ఇచ్చాడు. ఆ కాగితం ఇప్పుడు కూడా కోటు జేబులోనే ఉంది.

ఈ యుద్ధనౌక గంటకు ముప్పై సముద్రపు మైళ్ళు పరుగెత్తాలని ఒప్పందం. అంటే మైలుకు రెండే నిమిషాలు. అంతకు మించితే నౌకాదళం దీన్ని తీసుకోదు. తీసుకోకపోతే క్లైడ్ నది ఒడ్డున తొమ్మిదివందల ఇళ్ళలో పొయ్యి వెలగదు. అది మెక్‌ఫీ బాధ. బెయిర్డ్ బాధ బెయిర్డ్‌ది.

"మీరు ఏరి పెట్టుకున్న బొగ్గు వద్దు. నేను తెచ్చిన బస్తాలే వాడాలి."

"అలాగే సార్."

"ఓడ బరువుకి నీళ్ళలో ఎంతలోతు దిగిందో పడవలో వెళ్ళి నా కళ్ళతో చూస్తాను."

"పడవ సిద్ధంగా ఉంది సార్."

"గడియారాలు కూడా నావే. మూడున్నాయి."

"మావి ఇళ్ళలోనే వదిలేసి వచ్చాం సార్."

బెయిర్డ్‌కి ఒళ్ళు మండింది. ఏదడిగినా అడ్డు చెప్పడేం వీడు? తప్పు చెయ్యనివాడికి ఈపాటికి కోపం రావాలి కదా! ఆయన బాయిలర్ల గదిలోకి దిగి మసి పూసుకున్నాడు. ఒత్తిడి పెంచడానికి ఆవిరి వదిలే మూతల్ని ఎవరూ కట్టేయలేదు. సామాన్ల గది తెరిపించి పెట్టెలు లెక్కపెట్టాడు. ఒక్కటీ తక్కువ లేదు. చివరికి వంటవాడి పిండిబస్తాలో కూడా చెయ్యి పెట్టి చూశాడు.

"పిండే సార్," అన్నాడు వంటవాడు. "రాత్రికి రొట్టెలయ్యాక ఇంకోసారి చూద్దురుగాని."

పరుగు మొదలైంది. ఒడ్డు మీద పచ్చికలో, ఒకదాని వెనక ఒకటిగా రెండు తెల్ల స్తంభాలు ఉన్నాయి. ఓడ నుంచి చూసినప్పుడు అవి రెండూ కలిసి ఒకటిగా కనిపించిన క్షణాన మైలు మొదలైనట్టు. అవతల అలాంటి జతే ఇంకోటి కలిస్తే మైలు పూర్తయినట్టు. యాభై ఏళ్ళుగా ఈ తీరంలో పుట్టిన ప్రతి ఓడకూ అదే కొలబద్ద.

ఓడ వణికింది. టీ కప్పులు దొర్లాయి. బెయిర్డ్ మూడు గడియారాలూ ఒక్కసారే నొక్కాడు.

నిమిషం యాభై ఎనిమిది సెకన్లు.

"గాలి వెనకనుంచి తోస్తోంది," అన్నాడు అనుమానంగా.

"అందుకే ఎదురుగాలికి కూడా వెళ్దాం సార్. నాలుగు పరుగులూ కలిపి సరాసరి వేసుకోండి."

ఓడ వెనక్కి తిరుగుతుండగా బెయిర్డ్ దుర్భిణితో ఒడ్డంతా గాలించాడు. రెండో జత స్తంభాలకు అవతల, ఎనభై గజాల దూరంలో ఒక ఆవు కనిపించింది. ఖాళీ పచ్చికలో నిలబడి, గాలికి వీపు రుద్దుకుంటున్నట్టు అటూ ఇటూ ఊగుతోంది.

"ఆ ఆవుకేమైంది?"

"అది ఎఫీ అవ్వ ఆవు సార్," అన్నాడు మెక్‌ఫీ. "దానికి కాస్త తిక్క."

నాలుగు పరుగులూ అయ్యాయి. బెయిర్డ్ కూడికలు మూడుసార్లు వేశాడు. సరాసరి, రెండు నిమిషాలకు అర సెకను తక్కువ. పెన్ను తీసి సంతకం పెట్టాడు. మూడేళ్ళుగా గుండెల మీదున్న బరువు దిగిపోయినట్టయింది. ఆ వెంటనే సిగ్గేసింది. పిండిబస్తాలో చెయ్యి పెట్టిన మనిషి తనేనా?

"మెక్‌ఫీ, నన్ను క్షమించండి. మిమ్మల్ని దొంగలా చూశాను."

"మీ పని మీరు చేశారు సార్," అన్నాడు మెక్‌ఫీ తల వంచుకుని. ఎంత వినయం, అనుకున్నాడు బెయిర్డ్.

"నన్ను ఆ ఒడ్డున దింపేయండి. స్టేషను అటే దగ్గర."

"అక్కడొద్దు సార్!" మెక్‌ఫీ గబుక్కున అన్నాడు. "అంతా బురద. పైగా రేవులో మీకోసం విందు కూడా..."

పొద్దున్నించీ ఆ మనిషి కాదన్నది ఇదొక్కటే. నా బూట్ల మీద ఎంత శ్రద్ధ, అని బెయిర్డ్‌కి నవ్వొచ్చింది. వినకుండా పడవ దిగి, ఈల వేసుకుంటూ పచ్చికలో నడిచాడు. బురద ఎక్కడా లేదు.

స్తంభాల దగ్గర ఒక ముసలమ్మ పాల బకెట్టు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన టోపీనీ కోటునీ చూసి, కంపెనీ పెద్దమనిషే అనుకుంది.

"ఓడ నెగ్గిందా బాబూ? మా అల్లుళ్ళిద్దరూ మీ దగ్గరే పని."

"నెగ్గింది అవ్వా! సంతకం కూడా అయిపోయింది."

"చల్లని మాట చెప్పావు నాయనా!" ముసలమ్మ కళ్ళు ఒత్తుకుంది. తర్వాత, వీపు రుద్దుకోడానికి ఏమీ దొరక్క ఇంకా ఆ ఖాళీ పచ్చికలోనే ఊగుతున్న తన ఆవు వైపు చూసి నిట్టూర్చింది.

"మరి ఈ స్తంభాల్ని మళ్ళీ ఎప్పుడు వెనక్కి జరుపుతారు?"