నూనెలో పిట్ట

“మళ్లీ వేపుడా?” భార్య చేతిలో కత్తి ఆగిపోయింది. “నూనె వాసన తగిలితేనే కడుపులో మంట అనేవారు. ఇప్పుడు రోజూ ఇదేం కోరికండీ?”

“నోరు చప్పబడింది” అన్నాడు గాజు మేస్త్రి. ఆయన కళ్లు మాత్రం పొయ్యి పక్కనున్న గాజు జాడీ మీదే ఉన్నాయి.

జాడీలో నూనె నిండుగా ఉంది. నిన్న ఎంత ఉందో ఇవాళా అంతే. ఆయన ప్రాణం ఉసూరుమంది.

ఆ నూనెలో ఒక పిట్ట ఉంది. ప్రయోగశాలల కోసం గొట్టాలు, కుప్పెలు ఊదీ ఊదీ రిటైరైన మనిషి, పనిలో చివరిరోజున దాన్ని ఊదాడు. “ఊరందరికీ ఊదారు, నాకొక్క పూసైనా ఊదలేదు” అని ఆమె ఎప్పుడో నవ్వుతూ అన్నమాట ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది. తీరా పిట్ట తయారయ్యాక చేతికివ్వడానికి సిగ్గేసింది. ఆమె పక్కింటికి వెళ్లినప్పుడు జాడీలోకి జారవిడిచాడు. బోరాన్ కలిసిన గాజు అది. వెలుగు ఆ గాజులోనూ వంటనూనెలోనూ ఒకేలా వంగుతుంది గనక, నూనెలో మునిగిందంటే ఇక కంటికి ఆనదు. నూనె తగ్గితే దానంతటదే బయటపడుతుంది. అప్పుడు ఆమె మొహం చూడాలి, అంతే. ఇంకోటి ఊదుదామన్నా ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి.

అందాకా ఆయన వంటగది గడప తొక్కిన మనిషి కాదు. ఇంటికొస్తే పేపరు, అన్నం, నిద్ర. ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి జాడీకి కాపలాగా పీట వేసుకుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. ఊరికే కూర్చుంటే బాగుండదని ఏదో ఒకటి చెబుతున్నాడు.

“నిన్న ఎక్కడ ఆపారు?” అడిగిందామె.

“వెలిగారం దగ్గర. కంసాలి నగ అతకడానికి వాడతాడే, అది. అందులో ఉండేదీ బోరానే. క్యారమ్ బోర్డు మీద చల్లే పొడిలోనూ అదే. ఆ పొడిని స్పిరిట్‌లో కలిపి అంటిస్తే మంట ఆకుపచ్చగా లేస్తుంది.”

“ఆకుపచ్చ మంటా! కోతలు కొయ్యకండి.”

“నీమీదొట్టు. ఒకసారి దీపాలార్పి చూశాం. అందరి మొహాలూ చెరువు అడుగున ఉన్నట్టు కనిపించాయి.”

ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కిటికీలోంచి వచ్చిన నీరెండ అన్నం ఆవిరిలో మెల్లగా తేలుతోంది. కాసేపు ఇద్దరూ ఆ మంట వెలుగులోనే ఉన్నట్టున్నారు.

“ఇంకా?” అంది.

“అదే బోరాన్ ఇసుకలో కలిపి కరిగిస్తే మా గాజు. మామూలు గాజు వేడికి ఉబ్బి టప్పున పగులుతుంది. ఇది అంతగా ఉబ్బదు, అందుకే తట్టుకుంటుంది.”

“మీలాగే అన్నమాట. ఎంత పొగిడినా ఉబ్బరు, ఎంత తిట్టినా పగలరు.”

ఆయన పకపకా నవ్వాడు. ఈమెకు ఇంత చమత్కారం ఉందని ఇన్నాళ్లూ ఎలా తెలియలేదో అనుకున్నాడు. అంతలో మళ్లీ జాడీ గుర్తొచ్చింది.

“అడుగున మడ్డి పేరుకుందేమో. ఓసారి వంపేసి కడగకూడదూ?”

“తొందరేముంది?”

“ఏం లేదులే. ఈ వంటింటి కొలువు ఇంకెన్నాళ్లు! త్వరలో నా పేపరు నేను చదువుకుంటాను.”

ఆమె మూకుడు పొయ్యెక్కించి, రోజూ అనేమాటే అంది. “ఇక మీరెళ్లి కూర్చోండి. నూనె చిట్లుతుంది.”

ఆయన వరండాలో కూర్చుని చెవులు రిక్కించాడు. ఇవాళైనా ‘ఏమండీ!’ అని ఒక కేక వినపడుతుందేమోనని ఆశ. మూకుడు చుయ్యిమన్న చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. తను పోయాకగాని ఈ పిట్ట బయటపడదేమోనని దిగులేసింది.

“రేపేం చెబుతారు?” లోపల్నుంచి అడిగిందామె.

“ఏదో ఒకటి చెబుతాలే” అన్నాడు నీరసంగా.

వంటగదిలో జాడీ మూత ఇంకా తీసే ఉంది. తగ్గిన నూనె మీద చిన్న గాజు ముక్కు తళుక్కుమంటోంది. ఆమె వేలి కొసతో దాన్ని నిమిరింది. అలమారలోంచి కొత్త నూనె ప్యాకెట్ తీసింది.

ఎప్పటిలాగే, ముక్కు మునిగేదాకా పోసింది.