పెళ్లికొడుకు తెచ్చిన తంబాకి

"ఈ అమెజాన్‌లో నేను పేరు పెట్టి పిలిస్తే చాలు, తంబాకి దానంతటదే వచ్చి పడవెక్కుతుంది," అన్నాడు వాల్దెనిర్.

తంబాకి అనే ఈ చేప పిరానాకి దాయాది. దానికన్నా పదింతలు పెద్దది, ఇరవై ఇంతలు రుచి. వాల్దెనిర్ రెండు తెచ్చాడు. ఒకటి నిప్పుల మీద కాలి, పక్కటెముకలుగా బల్ల మీదకొచ్చింది. రెండోదాన్ని జుసారా వాళ్ల అమ్మమ్మ ఫిలో వంటింట్లో కోస్తోంది.

జుసారా కళ్లన్నీ అతని మీదే. ఆమె తండ్రి ఎరాల్దో మాత్రం ముందే తేల్చేశాడు. చేప పట్టడం చేతకానివాడికి పిల్లనివ్వడు.

అందుకే వాల్దెనిర్ ఎక్కడా తగ్గలేదు. చేప తన పడవని మూడు ఊళ్లు లాక్కెళ్లిందన్నాడు. మూడో ఊళ్లో కాఫీకి ఆగామన్నాడు.

"చేప కూడా తాగిందా?" అడిగాడు జుసారా మేనమామ తిబుర్సియో. పొద్దునే మనావ్స్ నగరం నుంచి దిగాడు.

"చక్కెర లేకుండా, మావయ్యా."

"ఎప్పుడు పట్టావు అల్లుడూ?"

"నిన్ననే! వరదలో మునిగిన అడవిలో, చెట్ల నుంచి రాలిన గింజలు మేస్తుంటే."

తిబుర్సియో నిమ్మచెక్కతో వేళ్లు రుద్దుకున్నాడు. జేబులోంచి ఓ పుస్తకం తీశాడు.

"నేను చేపల ఇన్‌స్పెక్టర్ని. ఇది గుడ్లు పెట్టే కాలం. మార్చి దాటేదాకా నదిలో తంబాకి పట్టకూడదు. పడవ, వల జప్తు. పూర్తి పేరు చెప్పు."

వాల్దెనిర్ చేతిలోని పక్కటెముకని కంచంలో పడేశాడు.

"అయ్యో మావయ్యా, అన్నీ కోతలు! రోడ్డు పక్క చెరువులో పెంచినవి. కొనుక్కొచ్చా. చంపి కూడా వాళ్లే ఇచ్చారు. నాకసలు ఈతే రాదు!"

బల్ల చుట్టూ ఒకటే నవ్వులు. ఎరాల్దో ఒక్కడే నవ్వలేదు.

"కొన్న చేపే తినాలంటే ఆ చెరువుగలాయనకే ఇస్తాను కదయ్యా పిల్లని!"

జుసారా కంచం తీసుకుని విసవిసా లోపలికి వెళ్లిపోయింది. తిబుర్సియో జాలిపడి పుస్తకం మూశాడు. వాల్దెనిర్ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

అంతలో ఫిలో ముసలమ్మ వంటింట్లోంచి దూసుకొచ్చింది. మోచేతుల దాకా చేప నెత్తురు.

"ఎవర్రా మా బంగారాన్ని అబద్ధాలకోరన్నది?" అని, గుప్పెడు గింజలు కొడుకు తిబుర్సియో ముందు దభాలున పోసింది. "ఒరే తిబూ, చెరువులో దాణా తిని పెరిగిన చేప పొట్టలో ఇన్ని అడవి రబ్బరు గింజలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పరా!"