పక్కనుంచి కనబడని తెర

“పక్కనుంచి చూస్తే బొమ్మ కనబడకూడదు. అలాంటిది ఉందాండీ?” అని కొడుకు గొంతు తగ్గించి అడిగాడు.

తగ్గించినా తల్లి చెవిన పడనే పడింది. పక్కనుంచి చూసేది ఎవరు? వాళ్లింట్లో ఉండేదే తల్లీకొడుకులిద్దరు.

“ఎందుకు కనబడకూడదూ? అంత దాచుకునేది ఏముందిరా?” అంటూ ముందుకొచ్చింది.

“ఏం లేదమ్మా. నువ్వలా కుర్చీలో కూర్చో.”

కూర్చోలేదు. గోడ పొడవునా మానిటర్లు. అన్నింటిలోనూ ఒకే చేప ఈదుతోంది. ఒకదాంట్లో ఎర్రగా నిగనిగలాడుతోంది, ఇంకోదాంట్లో జబ్బుపడి లేచినట్టుంది.

“ఇదుగోండి, టీఎన్ ప్యానెల్,” అన్నాడు కొట్టాయన. “ఎదురుగా కూర్చున్నవాళ్లకే బొమ్మ. కాస్త పక్కకి జరిగారా, వెలిసిపోయిన చీరే!”

“చీకట్లో ఎలా ఉంటుంది?”

“చీకట్లో అంటే?”

“చీకటి గదిలో మనిషి కదిలితే తెలియాలి. ఎటు వెళ్తున్నదీ కనబడాలి.”

తల్లి కొడుకు మొహంలోకి తొంగి చూసింది. చీకటి గదిలో మనుషులేమిటి? వీడు చూసేది ఏమిటి, భగవంతుడా!

బంగారంలాంటి ఉద్యోగం మానేశాడు. అడిగితే ఇంటినుంచే చేసుకుంటున్నానంటాడు. రోజంతా గదిలో ఆ పాత తెర ముందే. వచ్చిన సంబంధాల్నల్లా తిప్పికొట్టాడు. వీధి తలుపుకి లోపలివైపు తాళం వేసి చెవి జేబులో పెట్టుకుంటాడు. ఎవరొచ్చి మీద పడతారని అంత భయం? గ్యాసు పొయ్యి తిప్పే మరలు కూడా పీకి ఎక్కడో దాచాడు. అమ్మ చేతి వంట చేదైపోయింది కాబోలు. వీడు ఏ ఊబిలో దిగాడో ఒక్కసారి కళ్లతో చూస్తే చాలు, ఆ తర్వాత కాళ్లైనా పట్టుకుని బయటికి లాగొచ్చు. చూడనిస్తేనా? ఆమె అడుగు వినబడితే చాలు, తెర ఆర్పేస్తాడు.

“బాబూ, ఇది కరెంటు షాకు కొట్టదు కదా?” అని కొట్టాయన్ని అడిగింది.

“కొట్టదమ్మా, హాయిగా వాడుకోండి.” కొట్టాయన పక్క తెరకి జరిగాడు. “చీకటైతే టీఎన్‌లో బాగుండదు సార్, అంతా బూడిద పూసినట్టుంటుంది. ఈ వీఏ చూడండి. నలుపంటే కాటుకే! కాకపోతే చీకట్లో ఏదైనా కదిలితే వెనకాల తోకలా నీడ సాగుతుంది.”

“నీడ సాగితే మొహం తెలీదు. వద్దండి.”

“అయితే ఓలెడ్. చీకటీ బాగుంటుంది, కదలికా బాగుంటుంది. వీటన్నిటికీ మహారాజు. ఒక్కటే లోపం. పొద్దస్తమానం అదే బొమ్మ పెట్టి ఉంచారనుకోండి, దాని మచ్చ తెరమీద దిగబడిపోతుంది. ఇంతకీ మీరు చూసేది సినిమాలా, ఆటలా?”

కొడుకు తల వంచుకున్నాడు. “పొద్దస్తమానం అదే బొమ్మండి.”

“బాబూ, ఇది షాకు కొట్టదు కదా?”

కొట్టాయన నవ్వాడు. “ఇందాకే కదమ్మా...”

“కొట్టదమ్మా,” అని కొడుకు అడ్డొచ్చాడు, మొదటిసారి చెబుతున్నట్టే. ఆమె భుజం మీద చెయ్యేశాడు. వీడి చెయ్యి ఎందుకింత బరువుగా ఉంది, ఒళ్లు బాగులేదేమోనని ఆమెకి ఇంకో దిగులు పట్టుకుంది.

“ఇక మిగిలింది ఐపీఎస్. కదలిక శుభ్రంగా ఉంటుంది, మచ్చలూ అంతగా పడవు. కానీ ఏ మూలనుంచి చూసినా బొమ్మ బొమ్మే. గుమ్మంలో నిలబడ్డవాళ్లకి కూడా కనబడుతుంది.”

“అదే ఇవ్వండి!” అంది తల్లి.

“పైన ఏదైనా అంటించొచ్చా, పక్కవాళ్లకి కనబడకుండా?”

“పొర ఉంది సార్. వెలుతురు తగ్గిపోతుంది మరి.”

కొడుకు చాలాసేపు ఆ తెరవంకే చూశాడు. తర్వాత తల్లివంక చూశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“వెలుతురు తగ్గితే ఎలాగండీ. పొర వద్దు, ఇలాగే ఇచ్చేయండి.”

గెలిచానన్న సంతోషం ఆమెకి లేదు. గుమ్మంలోంచి ఏం చూడాల్సొస్తుందో అన్న భయమే.

వీధి దాటేటప్పుడు ఒక చంకలో పెట్టె ఇరికించుకుని, రెండో చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. దాటాక కూడా వదల్లేదు.

“వదలరా, అందరూ చూస్తున్నారు. నేనేమన్నా తప్పిపోతానా?”

“నేను తప్పిపోతానేమోనని పట్టుకున్నానమ్మా.”

“పెద్ద వెధవ్వయ్యావు, బుద్ధి మాత్రం రాలేదు,” అని నవ్వింది. వాడు నవ్వలేదు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. కొడుకు గదిలోకి వెళ్లి పెట్టె విప్పాడు. తీగలు తగిలిస్తున్న చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. తలుపు పూర్తిగా మూసుకోలేదు. తల్లి చెప్పులు వదిలేసి, ఊపిరి బిగబట్టి వెళ్లి గుమ్మంలో నిలబడింది. ఒక చెయ్యి తలుపుచెక్కమీద ఆనించింది. కేక బయటికి రాకుండా రెండో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. చూసింది.

కొట్టాయన మాట అబద్ధం కాదు. పక్కనుంచి కూడా బొమ్మ అద్దంలా ఉంది. తెరంతా నాలుగు గళ్లు. ఒక గడిలో వంటింటి పొయ్యి. ఒకదాంట్లో వీధి తలుపు. ఇంకోదాంట్లో మెట్లు. బూతులూ లేవు, జూదాలూ లేవు. మనిల్లే! గుండెలమీంచి బండ దించినట్టయింది. ఇంతోటిదానికా వీడు ఇన్నాళ్లూ ఇలా చిక్కి సగమైపోయింది?

నాలుగో గడిలో ఏదో గది గుమ్మం. అక్కడ జుట్టంతా ముగ్గుబుట్టలా నెరిసినావిడ ఎవరో నిలబడి ఉంది. ఒక చెయ్యి తలుపుచెక్కమీద, ఇంకోటి నోటికి అడ్డం. లోపలున్నవాళ్లకోసం ఎంత బెంగపడుతోందో, మనిషి మనిషంతా వణుకుతోంది. చూస్తుంటే జాలేసింది.

కుర్చీ కిర్రుమంది. కొడుకు గబుక్కున వెనక్కి తిరిగాడు. తెర ఆర్పబోయిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

“కన్నా, ఆ ముసలావిడ ఎవర్రా?”