తవుడుకి కొన్న పిల్ల

వీధి మొగలో సైకిలు గంట వినపడగానే, ఆ పిల్ల చేతిలో ముద్ద కంచంలో వదిలేసి గుమ్మం తెర వెనక్కి దూరింది.

"తవుడతను వచ్చాడోయ్! ఇవాళ నిన్ను లాక్కుపోతాడోయ్!" అన్నయ్య చప్పట్లు కొట్టాడు.

గేదెలున్న ఇళ్ళకి తవుడు వేసే మనిషి అతను. కిందటి వారమే అన్నయ్య ఆ పిల్ల చెవిలో ఊదాడు. "నిన్ను తవుడిచ్చి కొన్నారే. కావాలంటే చూడు, ఎప్పుడొచ్చినా నీకోసమే తొంగిచూస్తాడు."

పిల్ల నమ్మింది. ఏది చెప్పినా నమ్మే రకం. ఎదురింటివాళ్ళు ఇల్లెత్తేశారంటే, గోడలెలా మోసుకెళ్ళారో చూద్దామని పరిగెత్తింది. నా తల తినకే అని అమ్మ కసిరితే, ఆ రోజంతా అమ్మ జడ కూడా ముట్టుకోలేదు.

ఆ రెంటికీ ఇంటిల్లిపాదీ నవ్వారు. తవుడు మాటకి మాత్రం అమ్మ అన్నయ్య వీపు విమానం మోత మోగించింది. వాడి మీద అమ్మ చెయ్యి పడడం అదే మొదలు, అదే ఆఖరు.

"నన్ను వెనక్కి ఇచ్చెయ్యవు కదమ్మా?"

"ఎవరడిగినా ఇవ్వనే," అంది అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

గేటు దగ్గర బస్తా దిగింది. అతని చూపు తిన్నగా తెర కిందికి, అక్కడ బయటికి కనిపిస్తున్న రెండు పాదాల మీదికి పోయింది.

"ఒక్కసారి పిలుస్తారా అమ్మా?"

అమ్మ పిలిచింది.

"నేను రాను! నీ తవుడు నువ్వు పట్టుకుపో!" తెర వెనకనుంచి గావుకేక.

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఖాళీ గోనెసంచి దులిపి మడిచి, మళ్ళీ దులిపి, మళ్ళీ మడిచి, సైకిలెక్కాడు.

ఆ తర్వాత ఎప్పుడూ పిలవమనలేదు. రావడం మాత్రం మానలేదు.

ఒకసారి పిల్లకని చెప్పులు తెచ్చిచ్చాడు. అమ్మ బలవంతంగా తొడిగితే, కొలత తీసి కుట్టించినట్టు సరిపోయాయి. పిల్ల వాటిని మురిక్కాలవలో పారేసి వచ్చింది.

పెద్దయ్యాక దాక్కోవడం మానేసింది. అతనొస్తే పుస్తకంలోంచి తలెత్తకపోవడం నేర్చుకుంది. తర్వాత పెళ్ళయి వెళ్ళిపోయింది.

ఈసారి పుట్టింటికి వచ్చిన మర్నాడే అన్నయ్య బజారు నుంచి కబురు మోసుకొచ్చాడు.

"తవుడతను పోయాడటమ్మా. నిన్ననే అంతా అయిపోయిందట."

అమ్మ పొయ్యి ఆర్పి, గుమ్మంలో కూలబడింది.

కూతురు నవ్వేసింది. "అమ్మో, అతనంటే ఎంత హడలిపోయేదాన్నో! వీడేదో వాగితే నిజమనుకున్నాను. ఎంత వెర్రిబాగులదాన్ని!"

అమ్మ గేటు దగ్గర, బస్తా దిగే చోటుకేసే చూస్తోంది.

కూతురి నవ్వు సగంలో ఆగింది.

"అమ్మా... వారం వారం బస్తాడు తవుడు. మనం గేదెని ఎప్పుడు పెంచాం?"

అన్నయ్య కూడా అమ్మ వైపు తిరిగాడు.

"మనకెప్పుడూ గేదె లేదే తల్లీ. ఆ తవుడంతా పక్కవీధి పాలవాళ్ళకే పోసేదాన్ని," అంది అమ్మ. "కన్నకూతురి పాదాలైనా చూసుకుని పోవడానికి ఆయనకో వంక కావాలి కదా."