రిజిస్టరమ్మ టీ ఇవ్వలేదు

వచ్చినవాడి సంచిలోంచి భూతద్దం బయటికి రాగానే రిజిస్టరమ్మకు అనుమానం మొదలైంది. మంచి ఉద్దేశంతో వచ్చినవాడికి భూతద్దంతో ఏం పని?

అసలు పేరు ఏదైనా ఆ చిన్న ఊళ్ళో అందరికీ ఆమె రిజిస్టరమ్మే. అక్కడి ప్రెస్బిటేరియన్ చర్చిలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులు, సంఘ పెద్దల మీటింగుల మినిట్సు, అన్నీ రాసి దాచే పని మొదట ఆమె మామగారి నాన్నది. తరవాత మామగారిది. ఆ తరవాత భర్తది. ఆయన పోయాక ఆ పుస్తకాల చెక్కపెట్టె తాళంచెవి ఆమె నడుముకు చేరింది. నగలు రాలేదు కానీ ఇది వచ్చింది అంటుండేది.

భూతద్దం ఆసామిని పంపింది ప్రెస్బిటరీ, అంటే చుట్టుపక్కల సంఘాలన్నిటి మీదా పెత్తనం చేసే పెద్దల సభ. పట్టుమని నలభై మంది రాని ఈ చర్చికి తాళం వేసి, పక్క ఊరి పెద్ద చర్చిలో కలిపేద్దామని వాళ్ళ ఆలోచన. నూరేళ్ళ సొంత పుస్తకాలు చూపించగలిగిన సంఘం జోలికి మాత్రం పోరు. అది రూలు. ఆ పుస్తకాలు చూసి నివేదిక రాయడానికి ఇతను వచ్చాడు. బూట్లు మరీ మెరుస్తున్నాయి. పక్క ఊరివాళ్ళే దగ్గరుండి తుడిపించి పంపారేమోనని ఆమెకు తోచింది.

“టీ ఘుమఘుమలాడుతోందండీ,” అన్నాడు కుర్చీలో కూర్చుంటూ.

“అవును,” అంది ఆమె. ఇవ్వలేదు.

ఈ నలభై ఏళ్ళ పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. అతను పైపైన తిప్పి, పాతవి కావాలన్నాడు. ముఖ్యంగా బాప్తిస్మాల మొదటి రిజిస్టరు. తన తాతకు ఈ చర్చిలోనే బాప్తిస్మం ఇచ్చారని ఇంట్లో చెప్పుకునేవారట. పనిలో పనిగా అది కూడా చూసుకోవాలట.

ఎక్కడినుంచో ఊడిపడ్డవాడు ఉన్నట్టుండి ఈ ఊరి మనవణ్ణంటే నమ్మడానికి రిజిస్టరమ్మ చెవిలో పువ్వులు పెట్టుకుని కూర్చోలేదు. పోలీసు స్టేషన్లో కూడా అన్ని ప్రశ్నలు వెయ్యరు. తాత పేరేమిటి, ఏ ఏడు పుట్టాడు, వానల్లోనా ఎండల్లోనా, తండ్రి ఏం పని చేసేవాడు, తోడబుట్టినవాళ్ళు ఎందరు, వాళ్ళలో ఈయన ఎన్నోవాడు. అతను తెలిసిందేదో చెప్పాడు. వానల్లోనే పుట్టాడట. ముత్తాత కమ్మరి. తాత రెండోవాడు. గొంతు మాత్రం నగారా అట, ఆయన తుమ్మితే వీధి చివర కుక్కలు లేచేవట.

“సరే, రేపు రండి నాయనా. పాతవి పెట్టె అడుగున ఉన్నాయి. తియ్యాలంటే పెద్ద పని.”

“నేనూ ఓ చెయ్యి వేస్తానండీ పిన్నిగారూ.”

“పెట్టె మీద పరాయి చెయ్యి పడితే మా మామగారు ఊరుకోరు.”

మామగారు పోయి ముప్ఫై ఏళ్ళు.

మర్నాడు కూడా ఇల్లంతా టీ వాసనే. మర్నాడు కూడా కప్పు రాలేదు. అతను రెండుసార్లు దగ్గి, గొంతు ఎండిపోయిందన్నాడు. ఆమె గ్లాసుడు మంచినీళ్ళు ఇచ్చింది.

పెట్టెలో చెమ్మ తగిలితే పుస్తకాన్ని ఎండలో పెట్టానని చెప్పింది.

“చెదలేమీ పట్టలేదు కదా?” అడిగాడు.

ఆ గొంతులో ఉన్నది జాలో ఆశో ఎవరికి తెలుసు. ఆమెకు మాత్రం ఆశే వినిపించింది.

“మా ఊరి చెదలకి అంత చదువెక్కడిది నాయనా,” అని పంపించేసింది.

మూడో రోజు రిజిస్టరు బల్ల మీదికి వచ్చింది. కాగితాలు పండుటాకుల్లా ఉన్నాయి. ఆమె ఎదురుగా కూర్చుని, పిల్లిని కనిపెట్టే పాలగిన్నెలాగా అతని చేతుల్నే చూస్తోంది. అతను అట్ట తట్టి చూశాడు. అంచులు తడిమాడు. ఒక్కో పేజీ తిప్పుతుంటే ఆమెకు ఒక్కో యుగం. ఒక పేజీ దగ్గర ఆగి, భూతద్దం పెట్టి, మరి కదల్లేదు.

తాత పేరు ఉంది. ఏడు సరిపోయింది. కింద ఇలా ఉంది: ‘కమ్మరి రెండవ కుమారుడు. వర్షము వలన హాజరు పదకొండుగురు. శిశువు ఏడ్పు హోరునకు పాస్టరుగారు ప్రార్థనను రెండు పర్యాయములు మొదలు పెట్టవలసి వచ్చినది.’

అతను భూతద్దం పక్కన పెట్టేశాడు. కళ్ళజోడు తీసి, తడిసిన కళ్ళు వదిలేసి, అద్దాలు తుడిచాడు.

“మా తాతేనండీ,” అన్నాడు. రిజిస్టరు మూసి, “ఈ చర్చికి తాళం ఎవడేస్తాడో నేనూ చూస్తాను,” అన్నాడు.

మీటింగుల మినిట్సు మొదటి పుస్తకం కూడా ఎల్లుండి ఒకసారి చూసేస్తే నివేదిక పంపేస్తానన్నాడు. ఇతన్ని నమ్మవచ్చో లేదో ఆమె ఇంకా తేల్చుకోలేదు. గుమ్మం దాకా వచ్చి, మాటవరసకన్నట్టు అడిగింది.

“మీ ముత్తాతగారు, ఆ కమ్మరాయన, సంఘ పెద్దగా కూడా చేశారా నాయనా?”

“చేశారనే అంటారండీ. మీటింగుల్లో కూర్చుని నిద్రపోయేవారట.”

“అలాగా,” అంది రిజిస్టరమ్మ.

అతను వీధి మలుపు తిరిగేదాకా చూసి, తలుపు గడియ పెట్టి, చెదలు వదిలిపెట్టిన ఖాళీ అట్టల మధ్యకు కావలసిన తెల్ల కాగితాలను ఒక్కొక్కటే చల్లారిన టీ డికాషన్లో ముంచి, ఆమె వంటింటి దండెం మీద ఆరెయ్యడం మొదలుపెట్టింది.